బాపు వేలు పెట్టిన మూల

నా పరిశోధన ఫ్యూయల్ సెల్ మీద. మంట లేకుండానే గ్యాస్‌ను కరెంటుగా మార్చే పల్చటి పింగాణీ పలక అది. ఎనిమిది వందల డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. అసలుది చేసే సౌకర్యం లేక, కంప్యూటర్‌లోనే తయారుచేసి వేడెక్కిస్తున్నాను.

ఈ ఉదయం పలక వేడి పటం తెర మీదికి వచ్చింది. నార్కట్‌పల్లి దగ్గర ఇటుక బట్టీలో ముప్పై ఏళ్లు పనిచేసిన మా బాపు, చాయ్ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎరుపంటే వేడి, నీలమంటే చల్లన అని చెప్పాను.

"పగిల్తె గీ ఎర్రగున్న కాడనే పగుల్తది బాపూ," అన్నాను.

"గాడ గాదు బిడ్డా, గీ సల్లటి మూలకు. కాలింది పెరుగుతాంటె కాలనిది గుంజుకపోయి నెర్రె పడ్తది. జర నిదానంగ కాల్చు," అని తెర మీద వేలు పెట్టాడు.

నవ్వుకుని, పలక ఎక్కడ పగులుతుందో చెప్పే లెక్క కంప్యూటర్‌లో నడిపించాను. సాయంత్రానికి ఫలితం వచ్చింది. పగులు సరిగ్గా ఆ నీలం మూలలోనే! బాపు వేలి మరక తెర మీద ఇంకా అక్కడే ఉంది.

నా థీసిస్‌లో 'ప్రయోగంతో రుజువు' అనే అధ్యాయం ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది. అందులో బాపు వేలిని ఆధారంగా ఎట్లా చూపించాలో, తెలిసినవాళ్లు చెప్పండి.