గ్రాసియాస్ అనని తెర

సుల్మా మా వీధి పిల్ల. పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లో నీటి బిల్లుల ఆఫీసులో డేటాబేస్ చూసుకునేది. అక్కడ గేటు కాపలా నాది. నాకు చదువు చెప్పిన కన్యస్త్రీలు అబద్ధమాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవారు కనుక, ఇందులో కొంచెమే కలిపాను.

ఆ శనివారం నాలుగింటికి పక్క ఊరు లూకె చర్చిలో ఆమె చెల్లెలి బిడ్డకు జ్ఞానస్నానం. జ్ఞానతల్లి సుల్మాయే. పొద్దున్నే డేటాబేస్ యంత్రం ప్రాసెసర్ మీద భారం పెరిగి, దాన్ని చూపే గీత ఆమె తెర మీదా మేనేజరు తెర మీదా ఎర్రబడింది.

"అమ్మాయ్, అది పచ్చబడకుండా కుర్చీ దిగావో, సోమవారం నుంచి రానక్కర్లేదు!" అని మేనేజరు దోన్ నెమెసియో తన గదిలోంచే అరిచాడు.

సుల్మా గదికి కిటికీ లేదు. యంత్రం ఎంత వేడెక్కిందంటే దాని మీద నేను చిపా రొట్టెలు కాల్చాను, అడుగు మాడింది కూడా. డేటాబేస్‌కు తగులుకున్న ఏ సెషన్ ఎంత మింగుతోందో ఆమె ఒక్కొక్కటే చూస్తూ పోయింది. బిల్లుల పని కాదు, జీతాల పని కాదు. అందరికంటే ఎక్కువ మింగుతున్నది మేనేజరు గోడ మీది తెర! "ఎవరు ఎక్కువ తింటున్నారు?" అని అది ఊపిరాడనివ్వకుండా డేటాబేస్‌ను అడుగుతూనే ఉంది.

"వెళ్లి చెప్పెయ్యవే," అన్నాను.

"నీకేం తాతా! దొంగవి నువ్వేనని మేనేజరుకి చెప్పి బతికినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

తెరెరె, అదే మా చల్లటి మాతే ఆకు పానీయం, కలిపి మేనేజరును పిలిచింది. మాలో తాగేవాడు 'గ్రాసియాస్', అంటే థాంక్స్, అన్నాడంటే ఇక చాలని అర్థం. అనేదాకా పోసేవాళ్లు పోస్తూనే ఉండాలి. ఆయన మాటల్లో పడి తాగాడు, ఆమె పోసింది. మళ్లీ తాగాడు, మళ్లీ పోసింది.

"గ్రాసియాస్ తల్లీ, గ్రాసియాస్! పొట్ట పగిలేలా ఉంది."

"మీరన్నారు, బాగుంది. మీ గోడ మీది తెర ఇంతవరకూ అనలేదు దోన్ నెమెసియో. దానికి పోయలేక ఆ యంత్రం చస్తోంది."

ఆయన మొహం కందిపోయింది. వెళ్లి తెర ఆపేశాడు. గీత జారి జారి పచ్చబడింది. సుల్మా సంచీ భుజాన వేసుకుంది.

"అమ్మాయ్! ఇప్పుడు నాకేం కనబడటం లేదు. పచ్చగానే ఉందా?"

"పచ్చగానే ఉందండీ!"

"ఇప్పుడో?"

"పచ్చగానే!"

"అయితే అక్కడే కూర్చుని చెబుతూ ఉండు."

సంచీ భుజం దిగింది. నాలుగింటికి చర్చిలో చెల్లెలు, సుల్మా లైనులో ఉన్న ఫోను ఎత్తి పట్టుకుంది. "విశ్వసిస్తున్నావా?" అని ఫాదర్ జ్ఞానతల్లిని అడిగాడు.

"పచ్చగానే ఉందండీ!" అంది సుల్మా.

ఆ బిడ్డను లూకెలో ఇప్పటికీ 'వెర్దే' అంటారు. అంటే పచ్చ.