ప్లైవుడ్ వెనక చెయ్యి

మా బావ పోయిన వార్త మా కాడుగోడి అపార్ట్‌మెంట్ వాళ్ల ఫోన్లకు ఉదయం తొమ్మిదికి చేరింది. పదయ్యేలోపు ముప్పై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వాళ్లలో ఇద్దరు మాత్రం కిందికి దిగి వచ్చారు. లిఫ్టు పనిచేస్తూనే ఉంది.

ఆయన మా అక్క భర్త. డాన్సు హాల్లో రికార్డులు వేసేవాడు. అప్పట్లో బెంగుళూరులో ఆదివారం మధ్యాహ్నాలు కాలేజీ పిల్లలకు బేస్‌మెంట్ హాళ్లలో డాన్సు ఉండేది. రెండింటికి మొదలు, అయిదుకు బంద్. స్పెషల్ క్లాసని చెప్పి వచ్చిన ఆడపిల్లలు పొద్దు గుంకేలోపు ఇల్లు చేరాలి. "పాట ఎప్పుడు నిలపాలో తెలిసినోడే పాట వెయ్యాల" అనేవాడు.

మా నాన్న పిల్లనివ్వడానికి ఒక షరతు పెట్టాడు. "చేసే పని చేసుకో. మొగం మాత్రం ఎవరికీ కనపడకూడదు." బంధువులకు అల్లుడు రేడియోలు బాగుచేస్తాడని చెప్పాడు. మా నాన్నను అందరూ పండితుడనేవారు. ఆ పాండిత్యం అల్లుడి మొహానికి అడ్డం కోరింది. ఆ ఇంటి పుస్తకాలే నేనూ చదివాను.

బావ మాట తప్పలేదు. మెషిన్ల ముందు ప్లైవుడ్ గోడ పెట్టించుకున్నాడు. దాని కింద జానెడు సందు. అందులోంచి ఆయనకు కనపడేవి కాళ్లే. "కాళ్లు చూస్తే చాలప్పా. మొగాలు అబద్ధం చెప్తాయి" అనేవాడు. పక్క హాళ్ల వాళ్లు పాట పేరు చదివి కొనుక్కుపోతారని రికార్డుల మీద తెల్ల కాగితం అంటించేవాడు. అందరూ చేసే పనే అది. ఈయన ఇంకా శ్రద్ధగా చేశాడు. ఒక్క పేరూ ఎక్కడా రాసి పెట్టలేదు.

పోయినేడు ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగి ఒకడు గుజరీ పాతసామాన్ల అంగట్లో దొరికిన ఆ డాన్సుల వీడియో క్యాసెట్లను ఇంటర్నెట్‌లో పెట్టాడు. వాటికింద ముప్పై ఏళ్లు నిండనివాళ్లు "ఆ రోజులే వేరు" అని నిట్టూర్పులు విడిచారు. వాళ్లు పుట్టని రోజుల కోసం. హాలు యజమాని కూడా వచ్చి, పాటలన్నీ తనే వేసేవాణ్ణని రాసుకున్నాడు. వీడియోలో అతను తెల్ల ప్యాంటులో కెమెరా ముందు గెంతుతున్నాడు. అలా గెంతేవాడు ప్లైవుడ్ వెనక పాటలెలా మారుస్తున్నాడని అడగాలని ఒక్కడికీ తోచలేదు. వీళ్లను చదువుకున్నవాళ్లంటారు.

బావ ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ప్లైవుడ్ పైనుంచి లైట్ల కుర్రాడికి సైగ చేస్తూ లేచే ఎడమచెయ్యి చూపించాడు. హాలు షట్టరు పడి వంకరపోయిన చూపుడువేలు అందులో స్పష్టంగా ఉంది.

"నాకు రాసేది రాదు. నువ్వు రాస్తే నమ్ముతారు. ఆ చెయ్యి నాదని ఒక్క మాట పెట్టప్పా."

"నేను గోడల మీద రాయను బావా."

"గోడ కాదప్పా, ఫోను."

"రెండూ ఒకటే. కాలెత్తే కుక్కలకు తేడా తెలీదు."

నవ్వాడు. "సరే పండితుడా. సుమ్నే, ఊరికే అడిగినాను."

నలభై ఏళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. రెండు నెలలకు పోయాడు.

మూడోరోజు హాలు యజమాని వచ్చి మా అక్క ముందు కూర్చున్నాడు. "లైట్లు బాగా చూసుకునేవాడమ్మా. చాలా నమ్మకస్తుడు."

మా అక్క ఆ హాలు గడప తొక్కింది లేదు. "లైట్లకు వేరే పిల్లోడు ఉండాడు కదప్పా. ఈయన చెయ్యెత్తితేనే కదా ఆ పిల్లోడు ఆర్పేది."

"వయసయిందమ్మా. అన్నీ గుర్తుండవు."

"నీకు లేకుంటే మాకుండాది. కాఫీ తాగి పో."

ఆ సాయంత్రం ఆ వీడియో కింద నేను రాశాను. గంటలో తీసేశారు. మళ్లీ రాస్తే నన్నక్కడ రాయనివ్వకుండానే చేశారు. యజమానీ ఆ ఉద్యోగీ కలిసి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక బార్ గోడ మీద ఆ వీడియోలు ఆడించి టికెట్లు అమ్ముకుంటున్నారని తర్వాత తెలిసింది.

అచ్చయిన కాగితాన్ని వాళ్లు తీసేయలేరు. కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆ చెయ్యి మా బావది. ఆ పాటలు వేసింది ఆయన. బతికుండగా రాయనిది నేను. పాటల పేర్లు మాత్రం నన్నడగకండి, ఆయనతోనే పోయాయి. టికెట్టు కొన్నవాళ్లకు అవి దొరకనందుకు నాకు సంతోషమే.

మా అక్క ఇప్పుడు రోజూ ఆ వీడియో చివరి భాగం పెట్టించుకుంటుంది. అయిదవుతుంది, లైట్లు వెలుగుతాయి. ఆడపిల్లలు రుమాళ్లతో పెదవుల రంగు తుడుచుకుని, విప్పిన జడలు మళ్లీ అల్లుకుంటారు. ఒక పిల్ల చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, ప్లైవుడ్ పైనుంచి లోపలికి తొంగి చూసి ఏదో అంటుంది. గోలలో వినపడదు.

"ఏమనిందిరా ఆ పిల్ల?" అంటుంది అక్క. వెనక్కి తిప్పమంటుంది.

పిల్ల మళ్లీ తొంగి చూస్తుంది. లోపల ఎవరో పగలబడి నవ్వినట్టు ప్లైవుడ్ అదురుతుంది.