గోత్రం అడిగితే

మా నానమ్మ పట్టింపుల మనిషి. నాంపల్లిలో మా సందు సందంతా ఆమె నోటికి జంకేది. సొంత కూతురి విషయంలోనూ ఆమె మెత్తబడలేదు. మా మేనత్తను మొగుడు వదిలేస్తే పుట్టింటికి తెచ్చుకుంది, అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పని చూసిపెట్టింది. గుడిలో అర్చన దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "కన్యాదానం చేసినంక పిల్ల గోత్రం మారుతది. ఇచ్చింది మళ్లా తీసుకుంటమా?" అనేది. పాపం మా అత్త, మళ్లీ మొహం చూపని ఆ మనిషి గోత్రమే చెప్పుకుంటూ ముప్పై ఏళ్లు దండాలు పెట్టింది. నాకు ఒళ్లు మండేది.

పోయిన ఏడాది నాకు విడాకులు వచ్చాయి. ఆ వెంటనే వచ్చిన శుక్రవారం నానమ్మ, "నడువున్రి, గుడికి పోదాం" అని నన్నూ అత్తనూ బయల్దేరదీసింది. మొజంజాహీ మార్కెట్లో పళ్లవాడితో కాసేపు తగువాడి, తను అన్న ధరకే కొన్నది. గుళ్లో అయ్యగారు పళ్లెం అందుకుని నావైపు చూసి, "గోత్రం?" అన్నారు.

కోర్టులో అన్ని ప్రశ్నలకూ గడగడా జవాబు చెప్పినదాన్ని, ఇక్కడ నానమ్మ వైపు చూశాను. అత్తింటిది చెప్పడానికి మనసొప్పదు. పుట్టింటిది చెబుదామంటే పక్కనే నానమ్మ. నేను ఏ ఇంటిదాన్నో ఆమే చెప్పాలి. అందరి ముందూ కాదంటుందేమోనని భయపడ్డాను.

నానమ్మ గొంతు సవరించుకుని మా తాత గోత్రం చెప్పింది. గుడంతా వినపడేలా చెప్పింది.

అయ్యగారు తటపటాయించారు. "పెండ్లయిన పిల్ల గదమ్మా?"

"అయింది, పోయింది. గిది నా మన్మరాలు. మా ఇంటి పిల్లకు మా గోత్రం గాక ఇంకెవరిది చెప్తరు?"

ఎనభై దాటిన మనిషి, జీవితమంతా పట్టుకున్న మాటను పదిమందిలో వదిలేసింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా అంత గర్వపడలేదు.

ఆ తర్వాత అత్త వంతు. ఎప్పటిలాగే ఆ మనిషి గోత్రం చెప్పబోయింది. నానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"దీనిది గూడ గదే చెప్పున్రి అయ్యగారూ. ఇది నా బిడ్డ."

"ఇన్నేండ్లకా అమ్మా?" అంది అత్త.

"ఔ. తప్పు నాదే. దండం పెట్టు."

అయ్యగారు మా ఇద్దరి పేర్లూ ఒకే గోత్రంతో చదివారు. అత్త దండం పెట్టడం మరిచిపోయి, వాళ్లమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తూ నిలబడింది.