పీత కరిచినా కదలని బావ

ఆ రోజుల్లో జబ్బుపడి లేచినవాడంటే ఇంట్లో చిన్నపాటి పెళ్ళికొడుకు కిందే లెక్క. టైఫాయిడ్ తగ్గి నేను మంచం దిగిన ఆ వేసవిలో, ఉక్కునగరం మొత్తానికి నాకోసమే కొత్తగా సున్నం వేసినట్టు కనబడేది. క్వార్టరు ముందు వేపపూత రాలుతుంటే అదే పనిగా చూస్తూ కూర్చునేవాణ్ణి. (నా జుట్టు కూడా అంతే శ్రద్ధగా రాలేది, అది వేరే సంగతి.) అంతా బాగానే ఉంది గానీ చేతులు మాత్రం వణికేవి. మజ్జిగ గ్లాసు ఎత్తితే సగం నేను తాగేవాణ్ణి, సగం నా చొక్కా తాగేది. ఫోటోలు తీసుకుని బతికేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

మా స్టూడియో ఓనర్ని అందరం మావయ్య అనేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు, తిట్టే హక్కు మాత్రం పూర్తిగా ఉండేది. మే నెలలో చర్చి పెళ్ళిళ్ళు వరసగా ఉన్నాయి. లోపల వెలుతురు తక్కువ, ఫాదర్ గారేమో ఫ్లాష్ వెయ్యనివ్వరు. అలాంటిచోట చెయ్యి కాస్త వణికినా పెళ్ళికూతురికి నాలుగు కళ్ళొస్తాయి. "నీడలో, ఫ్లాష్ లేకుండా తీసి పట్టుకురా. సేతులు కుదురుగా ఉంటే పెళ్ళికి పంపుతాను. లేదంటే కౌంటర్లో కూకుని పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించుకో" అన్నాడు. ఆ కత్తెర తలుచుకుంటేనే నాకు జ్వరం తిరగబెట్టేలా ఉండేది.

అలా మొదలయ్యాయి షికార్లు. నన్ను తిప్పే బాధ్యత మా అక్క మొగుడు, అంటే మా బావ, నెత్తినేసుకున్నాడు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. నైట్ డ్యూటీ దిగి, మొహం మీద నీళ్ళు చల్లుకుని, స్కూటర్ తీసేవాడు. అమ్మ క్యారేజీలో బీరకాయ కూర, చారన్నం సర్ది, ప్రార్థన చేసి, ఒక చెయ్యి నా నెత్తిమీద, ఇంకో చెయ్యి కెమెరా బ్యాగు మీద పెట్టేది. "పత్యం బాబూ, ఆడికి సేపలు మాత్రం ఎట్టించకండి" అని అల్లుడికి అప్పగింతలు.

మొదట సబ్బవరం వైపు జీడితోటలకి వెళ్ళాం. చెట్ల కింద నీడ చల్లగా, పళ్ళ వాసన మత్తుగా ఉంది. మేకని తీస్తే మేక కదిలింది. కొమ్మని తీస్తే కొమ్మ కదిలింది. పిక్కలు ఏరుతున్న ముసలమ్మ "ఏటి బాబూ, ఒక్క ఫోటోకి ఇంతసేపేటి?" అంటూ కదిలిపోయింది. ఏది తీసినా మసకే. తప్పు వాటిదో నా చేతిదో తేలదు. కెమెరా బ్యాగులో కుక్కేసి, "ఒద్దు బావా, ఇంక నావల్ల కాదు. నాను కత్తెరకే పనికొస్తాను" అన్నాను. అక్కడే కూలబడి కళ్ళు తుడుచుకున్నాను. బావ చెట్టు నీడలో తువ్వాలు పరిచి, పడుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మనిషి ఏడుస్తుంటే నిద్రేటి, నిద్ర! కానీ కాసేపటికి నాలో ఫోటోగ్రాఫర్ లేచి కూర్చున్నాడు. ఇంత కదలకుండా ఉండేది ఈ తోటలో ఇంకేముంది?

ఇక ఎక్కడికెళ్ళినా అదే తంతు. బావ పడుకునేవాడు, నేను మోచేతులు పక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీసేవాణ్ణి. రోజురోజుకీ మసక తగ్గుతూ వచ్చింది. ఒక సాయంత్రం యారాడ బీచిలో కొండ నీడ ఒడ్డంతా పరుచుకుంది. ఎవరింట్లోనో చేపలు వేగుతున్నాయి (పత్యం మనిషిని ఏడిపించడానికే). పడవ పక్కన బావ పడుకుని ఉన్నాడు. ఒక పీత నింపాదిగా వచ్చి అతని బొటనవేలు పట్టుకుంది. బావ కదల్లేదు. 'ఏం నిద్రరా దేవుడా!' అనుకుంటూ నొక్కేశాను.

మర్నాడు మావయ్య కంప్యూటర్లో అన్నీ చూసి, "ఏట్రా ఇది? తోటలో మీ బావ, రోడ్డు పక్క మీ బావ, సముద్రం కాడ మీ బావ! మనిషి బతికే ఉన్నాడా?" అన్నాడు. యారాడ ఫోటో దగ్గర ఆగాడు. పెద్దది చేసి చూసి, "సేతులు కుదిరాయిరా. పెళ్ళికి నువ్వే ఎల్తన్నావ్" అన్నాడు. నేను గాల్లో తేలుతుంటే, తెరమీద వేలు పెట్టి, "మరి ఇది సూసేవా?" అన్నాడు. బావ పిడికిలి బిగుసుకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఇసక కారుతోంది. "నిద్దరోయినోడు ఇలాగ ఇసక పిసుకుతాడేట్రా ఎర్రోడా?"

ఇంటికొస్తే అక్క గుమ్మంలోనే అందుకుంది. "మీ బావకి ఏలు వాసిపోయి బూటు పట్టట్లేదురా. డ్యూటీకెలాగెల్తారు?" నేను బావ వైపు చూశాను. అతను వాచిన వేలిని తువ్వాలుతో కప్పి, "నైట్ డ్యూటీ కదా బావా, నిద్దరొచ్చింది, అంతే" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మే నెల పెళ్ళిలో పెళ్ళికూతురికి దేవుడిచ్చిన రెండు కళ్ళే వచ్చాయి.

మొన్న ఎండల్లో ఇద్దరం మళ్ళీ యారాడ వెళ్ళాం. బావ రిటైరయ్యాడు, ఇప్పుడు మంచమెక్కినా నిద్ర పట్టదంటాడు. నా జుట్టు ఈసారి టైఫాయిడ్ సాయం లేకుండానే వెళ్ళిపోయింది. బావ ఇసకలో నడుం వాల్చి, "తియ్యి బావా, కదల్ను" అన్నాడు. నేను కెమెరా తీసేలోపే గురక. ఈసారి నిజం నిద్ర. మొహం మీద ఎండ పడుతుంటే, నా నీడ అడ్డం వచ్చేలా వెళ్ళి నిలబడ్డాను. కెమెరా బ్యాగులోనే ఉండిపోయింది. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలీదు గానీ, ఒక పీత నింపాదిగా నా కాలి దగ్గరికొచ్చింది. నేను కదల్లేదు.