పిడికిలెత్తి డెఫినెట్లీ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగగానే స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు మీద పడతాయి. వాటిలో ఒక బోర్డు కింద, మిర్చీ బజ్జీల బండి పక్కన మెట్లెక్కితే వచ్చే గదిలో నేను కొన్నాళ్ళు పాఠాలు చెప్పాను. ఇప్పుడు అటు వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి వైపు నుంచి పోతాను. అంత రోత.

అక్కడ పాఠానికి ముందు ఒక తంతు ఉండేది. యజమాని వచ్చి నిలబడి, "విల్ యూ గెట్ ది జాబ్?" అని కేక పెడతాడు. పిల్లలందరూ లేచి పిడికిలెత్తి "డెఫినెట్లీ సర్!" అని అరవాలి. "కెన్ యూ డూ ఇట్?" అంటే మళ్ళీ అదే అరుపు. ఏం చేయగలవని మాత్రం ఎవర్నీ అడగడు. మంత్రాలకు చింతకాయలు రాలవని మనవాళ్ళు ఏనాడో చెప్పారు. ఈయన రాలుస్తానని బోర్డు కట్టి మరీ కూర్చున్నాడు.

నేను చెప్పేది వేరు. గుమ్మం ముందు చెప్పులు కనిపిస్తే "హీ మస్ట్ బీ ఇన్‌సైడ్", లోపలే ఉండి ఉంటాడు. చెప్పులు లేకపోతే "హీ మైట్ బీ అవుట్", బయటికెళ్ళాడేమో. చాలామటుకు నమ్మకముంటే "ప్రాబబ్లీ" అనండి, కళ్ళారా చూస్తే తప్ప "డెఫినెట్లీ" జోలికి పోకండి అనేదాన్ని. ఇంట్లో 'ఉండొచ్చు', 'వచ్చాడేమో', 'వచ్చుంటాడు' అని ఎంత తెలిస్తే అంతే చెప్పే మనం, ఇంగ్లీషులోకి రాగానే కోతలెందుకు కోయాలి?

ఈ పాఠం అందరికంటే బాగా ఒంటబట్టింది ఒక అమ్మాయికి. వాళ్ళది నల్గొండ వైపు పల్లె. తల్లి ఇక్కడే ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. చర్చికి పోయే కుటుంబం. రేపటి సంగతి ఏది చెప్పినా ముందు "ప్రభువు చిత్తమైతే" అనడం వాళ్ళింటి పద్ధతి. ఆ అలవాటుతోనే పిల్ల "ఐ మే కమ్ టుమారో" అనేది. యజమాని ఒకరోజు ఆమెను అందరి ముందూ నిలబెట్టాడు. "ఏంటమ్మా ఈ మే, మైట్? ముసలమ్మలా ఆ నసుగుడేంటి? ఇంటర్వ్యూలో గెంటేస్తారు" అని, అందరూ నవ్వుతుంటే, గొంతు బొంగురుపోయేదాకా "డెఫినెట్లీ" అని అరిపించాడు. కిళ్ళీ పళ్ళు బయటపెట్టి ఆయనా నవ్వాడు.

తర్వాత ఆ పిల్లకు ఎల్‌బీ నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి రిసెప్షన్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. "గిది రాకుంటే ఊరికే పోవాలె మేడం, పత్తి ఏరనీకి" అంది నాతో.

రాలేదు. ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చిన మర్నాడు మెట్ల మీద కూర్చుని చెప్పింది.

"బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చా అని అడిగిన్రు మేడం. డెఫినెట్లీ అన్న. అయితే చెయ్యమని కంప్యూటర్ ముంగట కూసోవెట్టిన్రు. నేనెన్నడు జూడలె దాన్ని."

"ఏమన్నారు?"

"రాదంటే మేమే నేర్పుతుంటిమి గదా అన్నది ఆడున్న మేడం. తెల్వకున్నా తెల్సంటవు, రేపు పేషెంట్లకేం చెప్తవ్ అన్నది."

"ఐ మైట్ నీడ్ ఎ వీక్", నేర్చుకోవడానికి ఒక వారం పట్టొచ్చు. ఆ ఒక్క ముక్క అని ఉంటే చాలు. అది ఆమెకు బాగా వచ్చు కూడా. నోట్లో ఉన్న నిజాన్ని పీకేసి అబద్ధం కుక్కి పంపారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే తల్లి వచ్చింది, వేళ్ళకు ఇంకా పసుపు మరకలతో. యజమాని కుర్చీలో వెనక్కి వాలి, సిగ్గూ ఎగ్గూ లేకుండా, "మీ అమ్మాయికి కాన్ఫిడెన్స్ చాల్లేదమ్మా. అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో వేద్దాం. ఈసారి డెఫినెట్‌గా వచ్చేస్తుంది" అన్నాడు. ఈగలు ముసిరిన మిఠాయిని తుడిచి మళ్ళీ పళ్ళెంలో పెట్టినట్టుంది ఆ మాట.

తల్లి నా వైపు తిరిగింది. "మీరు చెప్పున్రి మేడం. ఒస్తదా?"

"రావచ్చమ్మా. తెలివైన పిల్ల. కానీ వస్తుందని మాట ఇవ్వలేను."

ఆమె మొహం వాడిపోయింది. కూతుర్ని పత్తి చేనుకు పంపడానికి మనసొప్పని మనిషికి నా 'రావచ్చు' ఏ మూలకు? మళ్ళీ ఆయన వైపే తిరిగి, "రేపటి సంది చేర్చుకోన్రి సారు" అంది. ఆయన నన్ను చూసి నవ్వాడు.

ఇక అక్కడ ఒక్క నిమిషం నిలబడలేకపోయాను. సంచి భుజానికి తగిలించుకుని బయటికొచ్చేశాను. వెనకే పరుగున వచ్చింది ఆ పిల్ల.

"రేపు క్లాసుకు మీరే ఒస్తరు గదా మేడం?"

"రాను."

"మరి నా సంగతేంది?" అంది.

లోపల్నుంచి తల్లి పిలిచింది. ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది.