ఒక్క చేత్తో ఆడే ఆట

మా నాన్న ముప్పై ఏళ్లు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొన్నాడు. తన కోసం కాదు, ఒక వ్యాపారి తరఫున. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర ఆడించి, ఒకటి విరిచి వాసన చూసేవాడు. ఆ తర్వాతే ధర చెప్పేవాడు. రెండేళ్ల కిందట కిడ్నీలు పాడయ్యాక మార్కెట్‌కు పోవడం ఆగిపోయింది. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు హనుమకొండలో ఒక దవాఖానలో డయాలసిస్. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చుతారు. నాలుగు గంటల పాటు ఆ చెయ్యి కదపకూడదు.

మొదట్లో అమ్మ పక్కన కూర్చునేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాక ఆ పని నాకు వచ్చింది. పొద్దున ఆరింటికి ఆటోలో తీసుకెళ్లి దించేదాన్ని. పదింటికి మళ్లీ లోపలికి వెళ్లి తీసుకొచ్చేదాన్ని. నేను ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పని ఉందని నాన్నతో చెప్పేదాన్ని. నిజానికి ల్యాబ్ పదిన్నరకు గానీ తెరవరు. ఆ నాలుగు గంటలూ దవాఖాన ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ మీద ఫోన్ చూస్తూ గడిపేదాన్ని. డయాలసిస్ మిషన్ గొట్టాల్లో తిరిగే నెత్తురు నాన్నదని తెలిసి కూడా దాని పక్కన కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఒకరోజు ఇంటికి వస్తుంటే ఆటోలో అన్నాడు: "దవాఖాన పైకప్పుకు పలకలెన్ని ఉన్నయో లెక్క వెట్టిన బిడ్డా. రెండుసార్లు వెట్టిన."

ఆ సాయంత్రమే ఆయన కోసం ఒక ఆట వెతకడం మొదలుపెట్టాను. నేను చదువుకునే రోజుల నుంచీ కంప్యూటర్ ఆటలు ఆడుతున్నాను కాబట్టి ఏం కావాలో నాకు తెలుసు. కుడిచేత్తో ఒక్క మౌస్‌తోనే ఆడగలగాలి. తొందరపెట్టకూడదు. నెలల తరబడి సాగాలి. చివరికి ఒకటి దొరికింది. పాడుబడ్డ కోట కింద తొమ్మిది అంతస్తుల నేలమాళిగలు, అందులోకి దిగే నలుగురు వీరులు, మీదికొచ్చే ఎముకల గూళ్లు, తాళాలు వేసిన పెట్టెలు. ఏదో చిన్న సంస్థ తక్కువ ఖర్చుతో చేసిన ఆట. రెండు బిర్యానీల ధరకు వస్తుంది. రెండు గంటల లోపు ఆడి నచ్చకపోతే వాపసు ఇచ్చెయ్యొచ్చు.

ఆదివారం మధ్యాహ్నం కొన్నాను. అలవాటుగా ఎడమచెయ్యి ముందుకు రాకుండా చున్నీతో దాన్ని కుర్చీకి కట్టేసుకుని ఆడటం మొదలుపెట్టాను. మంచం మీద పడుకున్న నాన్న చూశాడు. ఆయన్ని నేను అబ్బా అని పిలుస్తాను.

"చెయ్యికేమైంది?"

"ఏం కాలే అబ్బా. ఒక్క చేత్తోని ఆడొస్తదా లేదా అని చూస్తాన. నీకోసమే."

ఆయన లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నాకు మాత్రం లోపాలు ఒక్కొక్కటే కనిపిస్తున్నాయి. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. శత్రువుల్లో ఎలుక బొమ్మ ఒక్కటే, రంగు మార్చి మూడు రకాల ఎలుకలన్నారు. సంగీతం అయిదు నిమిషాలకే విసుగొచ్చి ఆపేశాను. అన్నిటికన్నా పెద్ద చిక్కు, అడుగడుగునా ఇంగ్లిషు. తలుపు మీద రాత, ముసలి కాపలావాడి మాట, మందు సీసా మీద పేరు, ఏదీ చదవకుండా ముందుకు పోలేం. నాన్నకు తెలుగు, ఉర్దూ వచ్చు. ఇంగ్లిషు రాదు. మంచి గుణం ఒక్కటే కనిపించింది. మనం అడుగు వేస్తేనే శత్రువు అడుగు వేస్తాడు. మనం ఆగితే అందులో అందరూ ఆగిపోతారు.

"దీంట్ల తాలెంత?" అని అడిగాడు నాన్న. మిర్చిలో రంగు పోయిన కాయలను తాలు అంటారు.

"సగం తాలే అబ్బా. వాపస్ ఇచ్చేస్త."

"జర ఆగు. నన్ను ఆడనియ్యి."

చున్నీ విప్పుకుని లేచాను. నా కుర్చీలో కూర్చుని పావుగంట ఆడాడు. ప్రతి రాత దగ్గరా ఆగి నా వైపు చూశాడు, నేను చెప్పాను. ఒక తలుపు ముందు చాలాసేపు ఆలోచించి, తెరవకుండానే వెనక్కి తిరిగాడు.

"ఉండనియ్యి దీన్ని," అన్నాడు.

"నీకు చదవరాదు కదా. చదరంగం పెట్టిస్త, ముక్కలాట ఉంటది. అవైతే ఒక్కనివే ఆడుకోవచ్చు."

"ఒక్కణ్నే ఎందుకాడాలె?"

నిష్ఠూరంగా అనలేదు. బస్తా ధర అడిగినట్టు మామూలుగా అడిగాడు. ఆ ఆట ఆయన కోసం కొన్నానని అప్పటి దాకా నన్ను నేను నమ్మించుకున్నాను. నా బదులు ఆయన పక్కన కూర్చోవడానికి దాన్ని పంపుతున్నానని అప్పుడు అర్థమైంది. నేను ఎదురుగా టీకొట్టులో ఉంటానని ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ అడగలేదు. వాపసు గడువు ఇంకా పది నిమిషాలు ఉండగా ఆట మూయకుండానే వంటింట్లోకి వెళ్లాను. గడువు అలాగే దాటిపోయింది.

మంగళవారం ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయనతో పాటు లోపల కూర్చున్నాను. భోజనం బల్లను మంచం మీదికి జరిపి దాని మీద పెట్టాను. మొదటి రోజంతా నేను తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "ముంగటి గదిల ఎవరో ఏడుస్తాండ్రు అబ్బా, తలుపు తియ్యాల్నా?" అని నేనడిగితే, "ముందు గాయాలకు మందేసెటోన్ని ఎన్కకు వెట్టు," అనేవాడు. మహా జాగ్రత్తపరుడు. వీరుల తిండి కాస్త తగ్గితే చాలు, "తిరిగి పోదాం పా," అనేవాడు. అలా నాలుగు నెలల్లో మూడో అంతస్తు చేరాం. ఇంకొకరైతే వారంలో చేరేవాళ్లు.

చలికాలంలో ఒకరోజు, ఎముకల గూళ్లు మా వాళ్లను ఒక మూలకు తరిమిన సమయంలో, నాన్న చేతిలోంచి మౌస్ జారింది. బీపీ పడిపోయింది. ముఖం బూడిద రంగుకు మారింది. నర్సు పరుగెత్తుకొచ్చి బల్లను పక్కకు నెట్టి, "కాళ్లు పైకి పట్టుకోమ్మా," అంది. పట్టుకున్నాను. ఆ పాదాలు అంత తేలికగా ఉంటాయని నాకు తెలియదు. మిషన్ మీది అంకెలు, గొట్టాలు, అందులో తిరిగే నెత్తురు, అన్నీ అప్పుడే చూశాను. చూడకుండా ఉండేందుకు వీల్లేదు. సెలైన్ ఎక్కుతుంటే ఇరవై నిమిషాలకు కళ్లు తెరిచాడు. కాసేపు నన్ను చూశాడు. తర్వాత బల్ల కోసం చూశాడు.

"మనోళ్లేమైన్రు?"

"అట్లనే ఉన్నరు అబ్బా. నువ్వు లేచేదాంక ఎవ్వరు కదల్లే."

"ఫికర్ చేసినవా?" అన్నాడు. కంగారుపడ్డానని తలూపాను.

నాలుగో అంతస్తు సగంలో ఉండగా ఆయన చూపు మసకబారడం మొదలైంది. షుగర్ వల్లే అన్నారు. కొన్ని వారాలు నేను ఆడుతూ చెప్పేదాన్ని, ఆయన వింటూ దారి చెప్పేవాడు. తర్వాత ఒకరోజు, "ఇగ చాలు బిడ్డా, మోస్తరు సరుకు," అన్నాడు. ల్యాప్‌టాప్ తేవడం మానేశాను. ఆ నలుగురూ ఇంకా ఏదో మెట్ల దగ్గర నిలబడి ఉంటారు.

ఇప్పుడు కూడా ఆరింటికి లోపలికి వెళ్తే పదింటి దాకా ఉంటాను. కొన్నిసార్లు మార్కెట్ సంగతులు చెప్తాడు. సూదులు గుచ్చేటప్పుడు ఆయన ముఖం గోడ వైపు తిప్పుకుంటాడు. నేను లోపల కూర్చోకముందూ అలాగే తిప్పుకునేవాడేమో, నాకు తెలియదు. నేను చూస్తూ ఉండి, రెండోది కూడా గుచ్చాక, "అయిపోయింది అబ్బా," అని చెప్తాను. అప్పుడు ఇటు తిరుగుతాడు.