తువ్వాళ్ళ గది పెద్దక్క

పెద్దక్కకు మొండితనం పుట్టుకతోనే వచ్చిందని వాళ్ళ అన్నయ్య అంటాడు. చిన్నప్పుడు తలుపు సందులో పడి వేలు నలిగితే, ఒక్కసారి ఏడవవే తల్లీ అని ఇంటిల్లిపాదీ బతిమాలినా ఏడవలేదట. "ఏడిస్తే వేలు బాగవుతుందా?" అని ఎదురు ప్రశ్న వేసిందట. అలాంటి మనిషి పెద్దయ్యాక ఎదుటివాళ్ళను కుదురుగా ఏడవనివ్వడమే వృత్తిగా పెట్టుకుంది. ఈ సంగతి ఎత్తితే మేమంతా నవ్వుతాం గానీ ఆవిడ నవ్వదు. "అప్పుడు ఏడవలేదు కాబట్టే ఆ వేలు ఇప్పటికీ సలుపుతోంది" అంటుంది.

ఆవిడ పనిచేసే క్లినిక్ ఒక చెప్పుల కొట్టు పైన, మొదటి అంతస్తులో ఉంది. మెట్లు సగం ఎక్కేదాకా తోలు వాసన, ఆ పైన మర్దన నూనె వాసన. ఒంటికీ మనసుకూ ఒకేచోట వైద్యం అని బోర్డు. వరండాకు ఒకవైపు యోగా హాలు, అందులో యోగా మాస్టారు. పక్క గదిలో ఏం తినాలో ఏం తినకూడదో చెప్పే అమ్మాయి. ఎవరొచ్చినా మొదటి మాట "ఉప్పు తగ్గించండి" కాబట్టి ఆ పిల్ల పేరు ఉప్పుగానే స్థిరపడింది. ఆ తర్వాత మర్దన గది. అక్కడి మనిషిని అందరూ వదినా అంటారు. వరండా చివర పెద్దక్క కౌన్సెలింగ్ గది. క్లినిక్ పెట్టిన పెద్ద డాక్టరు మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టునే ఉండిపోయాక, వ్యవహారమంతా ఆయన అల్లుడి చేతికి వచ్చింది. ఆయన్ని ఎదురుగానూ చాటునా కూడా అల్లుడుగారనే పిలుస్తారు.

మర్దన గదిలో ఉతికి ఆరేసిన తువ్వాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేదు. అందుకని వదిన వాటిని గుట్టగా తెచ్చి పెద్దక్క గదిలోని సోఫా మీద పడేసేది. పెద్దక్క విసుక్కునేది. ఒకరోజు కాలేజీ పిల్లొకతె వచ్చింది. తల వంచుకుని కూర్చుంది, ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి ఆ పిల్ల చెయ్యి దానంతటదే పక్కనున్న తువ్వాలు అందుకుంది. మడత పెట్టింది. ఇంకోటి తీసింది. గుట్ట సగానికి తగ్గేసరికి కళ్ళు ఎత్తకుండానే మాట్లాడటం మొదలుపెట్టింది. పెద్దక్క చప్పుడు చేయకుండా తనూ ఒక తువ్వాలు చేతిలోకి తీసుకుంది.

ఆ రోజు నుంచి ఆ గుట్ట ఆ గదిలో భాగమైపోయింది. పెద్దక్క ఎవరినీ మడత పెట్టమని అడగదు. వద్దనదు. మొహాల్లోకి చూస్తూ చెప్పలేని మాటలు, చేతుల్లోకి చూస్తూ చెప్పగలరని ఆవిడ నమ్మకం. మడతలు వంకరగా ఉన్నాయని వదిన సణిగితే, "వంకర మనుషులు మడిచారు, వంకర మనుషుల ఒంటి మీద కప్పు. ఎవరికీ నష్టం లేదు" అనేది.

ఇలా సాగుతుండగా ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ఆయన గురించి నేనిక్కడ రాస్తున్నది ఆయన నోటితో చెప్పి, రాసుకోమన్నంత వరకే. ఆయన నడిపే బస్సు మెట్టు మీంచి ఒక ముసలాయన జారి పడిపోయాడు. బతకలేదు. విచారణ జరిగింది. నీ తప్పేం లేదన్నారు. తోటి డ్రైవర్లూ అదే అన్నారు, భార్యా అదే అంది. కానీ ఆయన మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. నిద్ర లేదు, తిండి సయించదు. ఎవరేం అడిగినా "ఏం లేదండీ" అనే ఒక్క మాట. భార్యే చెయ్యి పట్టుకుని తెచ్చేది. ఆయన్ని లోపలికి పంపి తను వరండాలో బల్ల మీద కూర్చునేది.

మొదట్లో పెద్దక్క దగ్గర కూడా ఏం లేదండీయే. కొన్నాళ్ళకు తువ్వాలు అందుకున్నాడు. మరికొన్నాళ్ళకు, ఒకదాని అంచులు సరిచూస్తూ, "అందరూ నా తప్పు లేదంటారండీ. వాళ్ళెవరూ ఆ బస్సులో లేరు కదా" అన్నాడు. అంతే. మళ్ళీ నోరు మూతపడింది. కానీ పెద్దక్కకు అర్థమైంది, తలుపు కొంచెం తెరుచుకుందని. ఇంకొక్కసారి, ఇదే గదిలో, ఇదే తీరున కూర్చుంటే ఆ మాట పూర్తవుతుంది. ఇప్పుడు కదిలిస్తే మూసుకుపోతుంది. ఇక ఈ మనిషిని ఎవరూ తీసుకురాలేరు.

సరిగ్గా అప్పుడే, పెద్దక్క దగ్గరికి వచ్చే ఒకమ్మాయి అత్తగారు అల్లుడుగారికి ఫోను చేసింది.

"మా కోడలు ఇంట్లో ఒక్క గుడ్డ మడత పెట్టదు బాబూ. మీ దగ్గరికొచ్చి బుట్టెడు మడత పెట్టిందట. ఆ మంత్రమేదో నాకూ కాస్త చెబుదురూ."

ఆవిడ వేళాకోళానికి అందో, ఉక్రోషంతో అందో తెలియదు గానీ అల్లుడుగారికి తల కొట్టేసినట్టయింది. నేరుగా పెద్దక్క గదికి వచ్చారు.

"ఏంటక్కా ఇది? వైద్యానికి వచ్చినవాళ్ళ చేత బట్టల పని చేయిస్తున్నామా మనం? నలుగురూ వింటే మొహాన ఉమ్మేస్తారు."

"ఎవరి చేతా చేయించడం లేదండీ. చేస్తుంటే ఆపడం లేదు."

"ఆపండి మరి. రేపట్నుంచి తువ్వాళ్ళు ఈ గదిలోకి రావు."

మర్నాటి నుంచి లాండ్రీవాళ్ళు తువ్వాళ్ళను చక్కగా మడిచి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి అతికించి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. అవి తిన్నగా మర్దన గదిలో కొత్తగా కొట్టించిన అరలోకి వెళ్ళాయి. పెద్దక్క సోఫా శుభ్రంగా, ఖాళీగా మిగిలింది.

డ్రైవరు వచ్చాడు. సోఫా చూశాడు. కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎలా ఉన్నారు?"

"ఏం లేదండీ."

మొదటికొచ్చింది. కాసేపటికి లేచి, "వెళ్ళొస్తానండీ, బయట మా ఆవిడ ఎదురు చూస్తోంది" అన్నాడు. పెద్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద కాదు.

"కూర్చోండి. ఇప్పుడే వస్తా" అని గబగబా మర్దన గదిలోకి వెళ్ళింది. అరలోంచి చేతికి అందినన్ని కవర్లు ఎత్తుకొచ్చింది. డ్రైవరు చూస్తుండగానే ఒక్కొక్క కవరూ పరపరా చింపింది. మడతలన్నీ దులిపి విప్పి సోఫా మీద కుప్ప పోసింది.

డ్రైవరు బిత్తరపోయాడు. "అదేంటమ్మా, మడిచినవే కదా?"

"ఎవరో మడిచారు. మనం మడవలేదు కదా!"

ఆయన నవ్వినంత పని చేసి కూర్చున్నాడు. ఆ రోజు పెద్దగా ఏమీ చెప్పలేదు. కానీ వచ్చే వారం వస్తానన్నాడు. భార్య అడగకుండా ఆయనే అన్నాడు.

చిరిగిన కవర్ల చెత్త చూసి అల్లుడుగారు వరండాలోనే నిలదీశారు. "మడిచి తెచ్చినవాటిని విప్పి మళ్ళీ మడత పెట్టిస్తున్నారా?"

"అవునండీ."

"ఎందుకు?"

"విప్పకపోతే మడవడానికేం ఉంటుంది?"

ఉప్పు తన గదిలోంచి కిసుక్కున నవ్వింది. యోగా మాస్టారు మాత్రం, "పెద్దక్కా, సర్దుకుపోదురూ, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. ఆయనకు గొడవ వాసన వస్తే చాలు, ప్రాణాయామం గుర్తొస్తుంది.

అల్లుడుగారు గొంతు తగ్గించారు. "ఇది క్లినిక్ పద్ధతి కాదక్కా. మీకు నచ్చకపోతే మీరు మానుకోవచ్చు."

"పద్ధతీ మానను, ఉద్యోగమూ మానను. తీసెయ్యాలనుంటే మీరే తీసెయ్యండి. ఎందుకు తీసేశారని ఎవరైనా అడిగితే తువ్వాళ్ళు విప్పిందని చెప్పండి. నా అంతట నేను ఈ గుమ్మం దాటను."

అప్పటిదాకా తలుపు చాటున వింటున్న వదిన కొంగు బిగించి బయటికొచ్చింది. వంకర మడతల మీద రోజూ సణిగిన మనిషే. "ఆ కవర్ల తువ్వాళ్ళు నాకూ వద్దండీ. అట్టముక్కల్లా బిగుసుకుపోయి ఉంటున్నాయి. మనుషులు చెయ్యి పెట్టినవే మెత్తగా ఉండేవి" అంది.

అల్లుడుగారు కిందికి దిగిపోయారు. తీసెయ్యనూ లేదు, ఒప్పుకోనూ లేదు. రెండు రోజులు పెద్దక్క మొహం చూడకుండా తిరిగారు.

ఈలోగా ఆ అత్తగారు ఊరుకోలేదు. కనబడ్డవాళ్ళందరికీ కోడలి కథ చెప్పింది. తిట్టబోయి చాటింపు వేసినట్టయింది. తువ్వాళ్ళ డాక్టరమ్మ ఉందా అని ఫోన్లు రావడం మొదలైంది. దాంతో అల్లుడుగారి మొహం వెలిగిపోయింది. ఒకరోజు చేతిలో కొత్త బోర్డు నమూనాతో, వెనకాల కెమెరా పట్టుకున్న మనిషితో వచ్చారు. బోర్డు మీద మన సేవలు అని వరసగా యోగా, ఆహార సలహా, మర్దన, కౌన్సెలింగ్. వాటి కింద కొత్తగా హస్త ధ్యానం.

"అక్కా, నేనే పొరపాటు పడ్డాను. దీన్ని మనం పెద్ద ఎత్తున చేద్దాం. రంగు రంగుల తువ్వాళ్ళు, సువాసన చల్లినవి. లోపల ఆ డ్రైవరుగారు ఉన్నారు కదా? ఆయన మడత పెడుతుండగా ఒక్క ఫొటో. మళ్ళీ మామూలు మనిషైన డ్రైవరు అని రాద్దాం."

పెద్దక్క అప్పుడే గదిలోకి వెళ్ళబోతోంది. లోపల డ్రైవరు కూర్చుని ఉన్నాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది, మాటలన్నీ వినబడుతున్నాయి. బల్ల మీదున్న ఆయన భార్య లేచి నిలబడింది.

పెద్దక్క గుమ్మానికి అడ్డంగా నిలుచుంది.

"మొన్న వద్దన్నారు, వినలేదు. ఇవాళ కావాలంటున్నారు, ఇవాళా వినను."

"మీ పద్ధతినే కదక్కా పైకి తెస్తున్నాను!"

"ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే ఆయన చేతులు ఆగిపోతాయి. చేతులు ఆగితే నోరు ఆగిపోతుంది. ఇంత చిన్న సంగతి. నన్ను తీసుకోండి ఫొటో, ఎన్ని కావాలంటే అన్ని. మాస్టారు తలకిందులుగా నిలబడతారు, ఆయన్ని తీసుకోండి. లోపలి మనిషి మాత్రం బోర్డు మీదికి రాడు."

"క్లినిక్ మా మామగారిది" అన్నారు అల్లుడుగారు, కొంచెం బిగుసుకుని.

"క్లినిక్ ఆయనదే. ఈ గంట మాత్రం డ్రైవరుగారిది."

కెమెరా మనిషి దిక్కులు చూశాడు. ఉప్పు, వదిన వచ్చి పెద్దక్క పక్కన నిలబడ్డారు. కాస్త ఆలస్యంగా, గొంతు సవరించుకుంటూ, యోగా మాస్టారూ వచ్చాడు. పెద్దక్క ఇక ఎవరి మొహమూ చూడలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసి గడియ పెట్టుకుంది.

ఆ గంటలో డ్రైవరు ఏం చెప్పాడని నేనూ అడిగాను. ఎన్నేళ్ళ పరిచయం మాది! "ఆయన్నే అడుగు" అంది. ఆయన్ని అడిగితే, "అది మాత్రం అక్కడే ఉండనివ్వండి" అన్నాడు. నన్నూ గుమ్మం బయటే నిలబెట్టారు ఇద్దరూ.

బయటివాళ్ళకు తెలిసింది ఇంతే. తలుపు చాలాసేపు తెరుచుకోలేదు. ఒకసారి మగమనిషి ఏడుపు వినబడింది, ఆపుకోకుండా, పెద్దగా. డ్రైవరు భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. అల్లుడుగారు బోర్డు నమూనా చంకలో పెట్టుకుని, కదలకుండా అక్కడే నిలబడిపోయారు.

డ్రైవరు బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. అల్లుడుగారు మర్యాదకో, నిజంగానో, "ఎలా ఉందండీ ఇప్పుడు?" అని అడిగారు.

ఆయన అల్లుడుగారి కళ్ళలోకి తిన్నగా చూశాడు.

"బాగా లేదండీ. అస్సలు బాగా లేదు. వచ్చే వారం మళ్ళీ వస్తాను."